వినిపించు పుస్తకము

మా తరగతిలో చూపులేని విద్యార్థి యొకడు కలడు. గురజాల ప్రాంతమునుండి నరసరావుపేటకు చదువవచ్చినవాడు. పాఠము శ్రద్ధగా వినును. ప్రశ్నలు అందరికన్న ముందు వేయును. పరీక్షలు దగ్గరపడగా భౌతికశాస్త్ర పాఠము నలువది పుటలు అతని ఫోనునకు పంపితిని. మరునాడు వచ్చి, "సార్, మీరు పంపినదానిలో ఏమియు లేదు. ఫోను పలుకుట లేదు" అనెను. అతడు చెప్పినది నిజమే. పుటలున్నను అక్షరములు లేవు. ఇదెట్లు?

నేను పంపినది పుటల ఛాయాచిత్రము. అందలి నల్లని గీతలు మన కంటికి అక్షరములు. యంత్రమునకు వట్టి చుక్కలు. కంప్యూటరులో నిజమైన అక్షరమునకు ఒక సంఖ్య యుండును. యూనికోడ్ అను అంతర్జాతీయ పద్ధతిలో 'అ'కు 3077, 'క'కు 3093. స్క్రీన్ రీడర్ అను సాఫ్ట్‌వేరు ఈ సంఖ్యలను గ్రహించి, తగిన ధ్వనులను పుట్టించును. ఎన్.వి.డి.ఎ. అను అట్టి సాధనము ఉచితముగానే దొరకును. కాని సంఖ్య లేనిచోట ధ్వని లేదు.

తెలుగునకు మరియొక చిక్కు కలదు. అచ్చుకొరకు పూర్వము చేసిన పెక్కు ఫాంటులలో ఇంగ్లీషు అక్షరముల సంఖ్యలకే తెలుగు రూపములు తొడిగిరి. అవి కంటికి తెలుగే. చెవికి అర్థములేని కూతలు.

దీనికి ఉపాయము కలదు. ఛాయాచిత్రములోని అక్షరములను గుర్తించి సంఖ్యలుగా మార్చు సాఫ్ట్‌వేరులున్నవి. అయితే అవి 'ధ'ను 'థ'గా పొరబడవచ్చును, వత్తులను జారవిడువవచ్చును. కావున ఒక మనిషి మూలముతో సరిచూడవలెను. పటములను మాటలలో వర్ణించి చేర్చవలెను. ఈ పనికి తగినచోటు గ్రంథాలయమే. ఒకమారు సరిచేసిన పుస్తకము ఏటేట వచ్చువారికందరికిని ఉపకరించును.

అట్టి పాఠమును కంప్యూటరు బ్రెయిలీ లిపిలోనికిని మార్చగలదు. వర్ణక్రమము నేర్చుటకు వ్రేలితో చదువుట మేలు. లూయీ బ్రెయిలీ 1829లో ప్రకటించిన ఈ లిపికి ఆధారము ఆరు చుక్కలు. ప్రతి చుక్కయు ఉండవచ్చును, లేకపోవచ్చును. కావున రెండును ఆరుమార్లు హెచ్చవేయగా 64 అమరికలు. ఖాళీగడి పోగా 63 గుర్తులు. 1951లో మన భాషలకు భారతి బ్రెయిలీ ఏర్పడినది. అందు గుణింతమునకు బదులు హల్లు తరువాత అచ్చునే వ్రాయుదురు. 'పలనాడు' అనుమాట ప, ల, న, ఆ, డ, ఉ అని ఆరు గడులలో ఇముడును.

గ్రంథస్వామ్యము అడ్డురాదా యని కొందరి సందేహము. 2012 సవరణ తరువాత మన చట్టము వికలాంగులకొరకు, లాభాపేక్ష లేకుండ, ఇట్టి ప్రతులు చేయుటను అనుమతించుచున్నది. 2016లో సుగమ్య పుస్తకాలయ అను ఆన్‌లైన్ గ్రంథాలయమును ప్రారంభించిరి. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థలు నూటికి ఐదు సీట్లకు తక్కువకాకుండ అర్హులైన వికలాంగులకు కేటాయింపవలెనని 2016 నాటి హక్కుల చట్టము విధించినది. సీటిచ్చి పుస్తకమీయకుండుట, విందునకు పిలిచి విస్తరి వేయకుండుట వంటిది.

ఆ నలువది పుటలను అతని తోడి విద్యార్థులు ముగ్గురు కూర్చుండి సరిచేసిరి. అవి అతనికి చేరునప్పటికి పరీక్ష ముగిసినది. తప్పు నాది. నేను పంపుటకు ముందు చేయవలసిన పరీక్ష చాల చిన్నది. ఫైలు తెరచి, కంటికి కనబడు తెలుగు పదమొకటి టైపుచేసి వెదకుడు. దొరకినచో ఆ పుస్తకము పలుకును. దొరకనిచో అది మూగది. దానికి మాట నేర్పు పని పరీక్షలకు ముందే మొదలుపెట్టుడు.