చలి తిని పూసే పొద

లైలాక్ అన్న మాటను వెనక్కి తవ్వుకుంటూ పోతే మన ‘నీలం’ తగులుతుంది. సంస్కృతంలోని ‘నీల’ పారసీకంలో ‘నీలక్’ అయి, నోళ్లలో నలిగి ‘లీలక్’గా మారి, అరబ్బీ, స్పానిష్, ఫ్రెంచి భాషల మీదుగా ఇంగ్లీషుకు చేరిందని నిఘంటువులు చెబుతాయి. ఇవాళ చీరల కొట్లో ‘లైలాక్ కలర్’ అంటే లేత ఊదా అని ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. చుట్టరికం కూడా దగ్గరిదే. మల్లె, జాజి, పారిజాతం ఏ కుటుంబానివో లైలాక్ కూడా ఆ కుటుంబానిదే, ఆలివ్ వాళ్లది. పేరు తెలిసింది, రంగు తెలిసింది, బంధువులు మన పెరట్లోనే ఉన్నారు. మొక్క మాత్రం మన ఊళ్లకు రాలేదు, తెచ్చి నాటినా పూయదు. చలి అంటే మొక్కలకు శత్రువని మనకో నమ్మకం. మంచు పట్టిందంటే మామిడి పూత ఏమవుతుందోనని రైతు గుండె దడదడలాడుతుంది. లైలాక్‌కు మాత్రం చలి మేత లాంటిది. దీని అందం, దీని ఉపయోగం, దీన్ని పెంచే పద్ధతి, మూడూ ఆ ఒక్క సంగతి నుంచే పుట్టాయి.

మామూలు లైలాక్ శాస్త్రీయ నామం సిరింగా వల్గారిస్. పుట్టిల్లు ఆగ్నేయ ఐరోపాలోని బాల్కన్ కొండలు. రాతి నేల, సున్నపు మట్టి, ఎముకలు కొరికే శీతకాలం. అక్కడి నుంచి ఒట్టోమన్ తుర్కుల తోటల్లోకి, 1560లలో సుల్తాన్ సులేమాన్ కొలువులో రాయబారిగా ఉన్న బుస్బెక్ ద్వారా వియన్నాకు చేరింది. నిలువెత్తుకు రెండు మూడింతలు ఎదిగే పొద ఇది. ఎదురెదురుగా పుట్టే ఆకు, తోక కురచైన చిన్న రావి ఆకులా ఉంటుంది. కొమ్మ చివర ద్రాక్ష గెలను తలకిందులుగా నిలబెట్టినట్టు పూగుత్తి లేస్తుంది. ఒక్కో పువ్వును వేళ్ల మధ్య పట్టుకు చూస్తే సన్నటి గొట్టం, దాని అంచున విచ్చుకున్న నాలుగు రేకులు. జాజిపువ్వుకు ఒక రేకు తగ్గించినట్టే. రష్యాలో అయిదు రేకుల పువ్వు కంటబడితే అదృష్టమంటారు, అందుకని గుత్తులన్నీ వెతుకుతారు.

చలితో దీనికున్న లావాదేవీ మొగ్గలో కనిపిస్తుంది. వచ్చే వసంతంలో విచ్చే పువ్వుకు పునాది ఈ ఏటి వేసవిలోనే పడిపోతుంది. ఆకు రాలాక బోడి కొమ్మ చివర జంటగా రెండు ఉబ్బిన మొగ్గలు నిలుస్తాయి. నడి శీతకాలంలో ఒక మొగ్గను నిలువునా చీలిస్తే, పొలుసుల మడతల్లో ఆవగింజలకన్నా చిన్న పూమొగ్గల గుత్తి అప్పటికే అమరి ఉంటుంది. అన్నీ సిద్ధమై కూడా అది విచ్చుకోదు. ఏడెనిమిది డిగ్రీల లోపు చలి వారాల తరబడి పడితేనే లోపలి తాళం ఊడుతుంది. ఆ తర్వాత వచ్చే వెచ్చదనమే దానికి పిలుపు. ఈ అడ్డుకట్ట లేకపోతే డిసెంబరులో నాలుగు రోజులు ఎండ కాయగానే మోసపోయి పూసి, తర్వాతి మంచుకు మాడిపోతుంది. బాల్కన్ కొండల్లో బతికి బట్టకట్టడానికి పొద నేర్చుకున్న జాగ్రత్త అది. మన దగ్గర ఆ తాళం సరిగ్గా ఊడనే ఊడదు. ఆకులతో కాలక్షేపం చేసి, ఎండాకాలానికి సొమ్మసిల్లుతుంది.

దీనికి అడ్డు చెప్పేవాళ్లు ఉంటారు, వాళ్ల మాటలో బలమూ ఉంది. చలి కావాల్సిన ఆపిల్‌ను కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో పండించి చూపించారు కదా, లైలాక్ ఎందుకు పూయదు? అక్కడ కాసింది హెచ్‌ఆర్‌ఎంఎన్-99, తక్కువ చలితో సరిపెట్టుకునే రకం. లైలాక్‌లోనూ అలాంటి ప్రయత్నం జరిగింది. గత శతాబ్దం మధ్యలో లాస్ ఏంజిలెస్ దగ్గర వాల్టర్ లామర్ట్స్ ‘లావెండర్ లేడీ’ అనే రకాన్ని తీశాడు. అక్కడి తోటమాలులు శరత్కాలంలో నీళ్లు తగ్గించి మరీ పొదను నిద్రపుచ్చుతారు. అంటే ఆ రకమూ నిద్ర మానలేదు, కాస్త తక్కువ నిద్రతో లేస్తుంది, అంతే. మరి మన లంబసింగి? అక్కడ కొన్ని రాత్రులు సున్నా దగ్గరికి వెళ్లే మాట నిజమే. కానీ మధ్యాహ్నానికి ఎండ వెచ్చగా కాస్తుంది. రాత్రి కూడబెట్టిన చలిలో కొంత ఆ వెచ్చదనానికే ఖర్చయిపోతుంది. మొక్క లెక్కపెట్టేది ఒక రాత్రి రికార్డును కాదు, కాలం మొత్తాన్ని. ఆన్‌లైన్‌లో వంద రూపాయలకు ‘లైలాక్ విత్తనాలు’ కొని కుండీలో వేసే హైదరాబాదు వాళ్లకు మిగిలేది కుండీయే.

రెండో అభ్యంతరం ఇంకా సూటిది: రెండు మూడు వారాలు పూసే పొదకు ఇంత ఆర్భాటమెందుకు? నిజం చెప్పాలంటే పూలు పోయాక లైలాక్ చూడదగ్గ మొక్కేమీ కాదు. వేసవి ముదిరేసరికి ఆకుల మీద బూడిద తెగులు తెల్లగా కమ్ముతుంది. అయినా ఆ రెండు వారాల కోసం ఫ్రాన్సులోని నాన్సీలో ఒక కుటుంబం తరాలు ధారపోసింది. 1870లో ప్రష్యా సైన్యం ఆ ఊరిని ఆక్రమించిన రోజుల్లో విక్టర్ లెమ్వాన్ సంకరాలు మొదలుపెట్టాడు. అతనికి చూపు మందగించడంతో భార్య నిచ్చెనెక్కి, సన్న కుంచెతో పువ్వు పువ్వుకూ పుప్పొడి అద్దింది. వాళ్ల తోట నుంచి 200 పైగా రకాలు వచ్చాయి. ముద్ద పూలు, తెలుపు, వంకాయ రంగు, అన్నీ సాధించారు. చలి అవసరాన్ని తగ్గించాల్సిన పని మాత్రం వాళ్లకు లేదు; నాన్సీలో చలికి కొదవేముంది! వాసన దగ్గర మాత్రం ఈ పువ్వు ఎవరికీ లొంగలేదు. మల్లె నుంచి తీసినట్టు దీని నుంచి అత్తరు తీయడం వ్యాపారానికి గిట్టదు. సీసాల్లో అమ్మే లైలాక్ పరిమళం టెర్పినియోల్ వంటి రసాయనాలను కలిపి కట్టినదే. ఇక కర్ర సంగతి: గట్టిగా, బరువుగా ఉంటుంది, చిన్న చిన్న చెక్కడపు పనులకు పనికొస్తుంది. అంతకుమించి చెప్పుకోవడానికి లేదు.

అసలైన ఉపయోగం వేరే ఉంది. ఇంత కచ్చితంగా చలినీ వెచ్చదనాన్నీ లెక్కపెట్టే పొదను గడియారంగా వాడుకోవచ్చు. 1950ల రెండో సగంలో అమెరికాలోని మోంటానాలో జోసెఫ్ కాప్రియో ఆ పనే మొదలుపెట్టాడు. పశ్చిమ రాష్ట్రాల్లోని ఇళ్ల ముందున్న లైలాక్‌లు ఎప్పుడు చిగురించాయో, ఎప్పుడు పూశాయో మామూలు జనంతో రాయించాడు. తర్వాత తూర్పు రాష్ట్రాల్లో దీని బంధువైన ఒక సంకర రకాన్ని, అన్నీ ఒకే మొక్క నుంచి తీసిన కొమ్మలతో పెంచి, ఊరూరా నాటారు. మొక్క ఒకటే కాబట్టి తేడా వస్తే అది వాతావరణానిదే. ఆ రాతల్ని దగ్గర పెట్టుకు చూస్తే, 1970ల నడుమ నుంచి పశ్చిమాన పూత అయిదు నుంచి పది రోజులు ముందుకు జరిగింది. వసంతం ఎటు జరుగుతోందో లిఖితంగా పట్టి ఇచ్చింది పెరటి పొద. శీతకాలమే వేడెక్కిపోతే ఏమవుతుందన్న ప్రశ్న న్యాయమైనదే. అప్పుడు చలి చాలక పూత ఆలస్యమవుతుంది, పలచబడుతుంది. ముందుగా పూసినా చెబుతుంది, పూయకపోయినా చెబుతుంది.

ఒక చిన్న హెచ్చరిక. ఇంగ్లీషు పుస్తకాల్లో ‘ఇండియన్ లైలాక్’ అని కనబడితే అది మన వేపచెట్టు కావచ్చు, ‘పర్షియన్ లైలాక్’ అంటే తురకవేప కావచ్చు. వీటికీ సిరింగాకూ ఏ చుట్టరికమూ లేదు. అసలు బంధువు హిమాలయాల్లో ఉంది, సిరింగా ఎమోడి. అదీ కొండల చలిలోనే.

న్యూజెర్సీలోనో షికాగో శివార్లలోనో స్థిరపడ్డ తెలుగువారికి ఈ పొద కష్టమైనది కాదు. హ్యూస్టన్‌ వాళ్లు ఆశ వదులుకోవడం మంచిది. మిగతావారికి రోజుకు ఆరు గంటల ఎండ, నీరు నిలవని నేల, పులుపు లేని మట్టి ఉంటే చాలు. నాటిన మూడు నాలుగేళ్ల దాకా పూయకపోతే కంగారు పడకండి. మొదలు దగ్గర లేచే పిలకల్ని ఏటా తవ్వి తీసేయండి. కత్తెర పట్టేది పూలు వాడిన రెండు వారాల్లోపే. శుభ్రంగా ఉంటుందని శరత్కాలంలో కొమ్మల చివర్లు కత్తిరిస్తే, వచ్చే ఏటి పూలన్నీ ఆ చెత్తబుట్టలోనే ఉంటాయి.