నాలుగు వరుసల బియ్యం

ఏ జబ్బుకి ఏం తినాలో రాయమన్నారు. రాయబోయి, ఒక పాత పట్టికలో బియ్యం దగ్గరే ఆగిపోయాం.

సెప్టెంబరు మొదటి వారం జాతీయ పోషకాహార వారోత్సవాలు. ఆ ఆదివారానికి ముఖచిత్ర కథనం నాదేనన్నారు ఎడిటరుగారు. "షుగరుకి ఏం తినాలి, బీపీకి ఏం తినాలి, గుండెకి ఏం తినాలి. పాఠకుడు కత్తిరించి ఫ్రిజ్‌కి అంటించుకోవాలయ్యా. బుధవారం సాయంత్రానికి పేజీలు వెళ్ళిపోవాలి." కొర్రలు, సామలు, అరికెలు, జొన్నలు మట్టి మూకుళ్ళలో పోసి ఫొటో కూడా అప్పటికే తీయించేశారు.

ఫ్రిజ్‌కి అంటించుకునే కాగితాలంటే నాకు కొంచెం వెరపు. మా ఇంట్లో ఒకటి ఉంది. నాన్నగారికి షుగరు బయటపడ్డప్పుడు ఆసుపత్రిలో ఇచ్చిన డైట్ చీటీ అది. 'వైట్ రైస్ వద్దు, బ్రౌన్ రైస్ లేదా మిల్లెట్స్' అని అచ్చేసి ఉంది. పక్కన 'పరిమాణం' అని ఒక గడి, అందులో ఏమీ రాయలేదు. నాన్నగారు ఆ రోజునుంచే దంపుడు బియ్యానికి మారిపోయారు. కంచంలో గుట్ట ఎత్తు మాత్రం తగ్గలేదు. పైగా మంచిదన్నారు కదా అని మారు వడ్డించుకునేవారు. మూడు నెలల తర్వాత పరీక్ష చేయిస్తే అంకె ఉన్నచోటే ఉంది. "ఈ బియ్యం కల్తీదేమోరా" అన్నారు.

ఆ చిరాకుతోనే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఎప్పుడో కొన్న పాత పుస్తకం ఒకటి అటకమీంచి దించాను. పేరు 'న్యూట్రిటివ్ వాల్యూ ఆఫ్ ఇండియన్ ఫుడ్స్'. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ప్రచురణ. గోపాలన్, రామశాస్త్రి, బాలసుబ్రమణియన్ల పేర్లమీద 1971లో వచ్చి, 1989లో సవరించుకుని, హోంసైన్సు విద్యార్థులందరి సంచుల్లోనూ నలిగిన పుస్తకం. నా ప్రతికి ముందు యజమాని ఎవరో తెలియదు. బియ్యం ఉన్న పేజీ అంచు మాత్రం వేలిముద్రలతో నల్లబడి ఉంది.

అందులో 'బియ్యం' అని ఒక్క వరుస ఉండదు. పచ్చి బియ్యం దంచినవి, పచ్చి బియ్యం మిల్లులో ఆడించినవి, ఉప్పుడు బియ్యం దంచినవి, ఉప్పుడు బియ్యం మిల్లులో ఆడించినవి అని నాలుగు వరుసలు. వాటికెదురుగా థయామిన్ గడి, అంటే బి1 విటమిన్. వంద గ్రాములకి ఎన్ని మిల్లీగ్రాములో చూడండి. ఉప్పుడు దంపుడు 0.27. ఉప్పుడు మిల్లు 0.21. పచ్చి దంపుడు 0.21. పచ్చి మిల్లు 0.06.

మనం రోజూ తినేది ఆ చివరిది.

కూలి పని చేసుకునే మనిషి రోజుకి నాలుగు వందల గ్రాముల బియ్యం తింటాడనుకుందాం. మిల్లు బియ్యంతో అతనికి అందేది పావు మిల్లీగ్రాముకి కూడా తక్కువ. కావలసింది రోజుకి ఒక మిల్లీగ్రాము పైచిలుకు. పప్పు, కూర ఉంటే ఆ లోటు పూడిపోతుంది. లేకపోతే ముందు కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, పిక్కలు పట్టు తప్పుతాయి. కొందరికి ఒళ్ళంతా నీరు పట్టి గుండె ఆగుతుంది. దీన్నే బెరిబెరి అంటారు. ఆ లోటులో ఉన్న తల్లి పాలు తాగే పసిబిడ్డ రెండుమూడు నెలల వయసులో గొంతు పోయి, ఏడుపు కూడా సరిగ్గా వినపడకుండా, గంటల్లో పోయేది.

ఇదేదో జావాలోనో జపాన్‌లోనో ఉండే జబ్బనుకునేవాణ్ణి. కాదట, మనదే. మద్రాసు రాష్ట్రంలో బెరిబెరి అంటే డాక్టర్లు వేలు పెట్టి చూపించింది ఉత్తర సర్కారు తీరాన్ని, అంటే మన కోస్తా జిల్లాలని. తమిళ జిల్లాల్లో ఆ గోల దాదాపు లేదు. అక్కడా బియ్యమే, అక్కడా పేదరికమే. తేడా ఒక్కటే: వాళ్ళు ఉప్పుడు బియ్యం తినేవారు, మనవాళ్ళు పచ్చి బియ్యం తినేవారు. వడ్లు నానబెట్టి, ఉడకబెట్టి, ఎండబోసి ఆడిస్తే తవుడు పొరలోని బి1 గింజ లోపలికి దిగుతుంది. తర్వాత మిల్లు ఎంత గీకినా పూర్తిగా ఊడి రాదు. పట్టికలో ఉప్పుడు మిల్లు బియ్యం, పచ్చి దంపుడు బియ్యం రెండూ 0.21 దగ్గర నిలవడానికి కారణం ఇదే.

మిల్లుని దోషిగా నిలబెట్టి కథనం చకచకా రాసేద్దామనుకున్నాను. మాల్కంసన్ అనే మద్రాసు సైనిక వైద్యుడు అడ్డం పడ్డాడు. ఉత్తర సర్కార్ల బెరిబెరి మీద ఆయన పుస్తకం అచ్చయింది 1835లో. అప్పటికి ఊళ్ళల్లో మిల్లులెక్కడివి? దంచినా మరీ తెల్లగా దంచితే తవుడు పోతుంది, మిగిలిందేదో కడుగులో పోతుంది. మిల్లు వచ్చి ఆ పని ఇంటింటికీ సులువు చేసింది, అంతే.

కడుగు అన్నాను కదా. బియ్యం నీళ్ళు తేటపడేదాకా మూడుసార్లు కడిగితేగానీ మా అమ్మకి తృప్తి ఉండదు. బి1 నీళ్ళలో కరిగిపోయే రకం. మొదటి కడుగుతో కొంత, రెండో కడుగుతో కొంత, గంజి వారిస్తే ఇంకొంత పోతుంది. పాత ఇళ్ళల్లో ఆ కడుగంతా కుడితి తొట్టిలోకి చేరేది. అందులో తవుడు కలిపేవాళ్ళు. ఆ తవుడుకి పట్టికలో ఉన్న అంకె 2.70. మిల్లు బియ్యానికి నలభై అయిదు రెట్లు. బి1 లెక్కన చూస్తే ఆ ఇంట్లో అందరికంటే బాగా తిన్నది గేదె. 1940లో పోషకాహార శాస్త్రవేత్త ఎయిక్రాయిడ్ బృందం 'ద రైస్ ప్రాబ్లం ఇన్ ఇండియా' అని ఒక నివేదికే రాసింది. దంపుడు, మిల్లు, కడుగు, గంజి, అన్నింటినీ వాళ్ళు అందులో తూకం వేసి చూశారు. గంజి వార్చకుండా అత్తెసరు పెట్టి వండే ఇల్లాలు ఏ ప్రయోగశాలా చెప్పకుండానే బి1ని గింజలో నిలబెట్టుకుంది. అత్తెసరు మార్కులంటే మనకి చిన్నచూపు. అత్తెసరు అన్నం మాత్రం ఈ పరీక్షలో నెగ్గింది.

ఇక చరిత్ర. ఎడిటరుగారు ఒక్క పేరానే ఇచ్చారు కాబట్టి గబగబా చెప్పేస్తాను. 1890 ప్రాంతంలో జావాలో ఐక్మన్ అనే డచ్చి డాక్టరు కోళ్ళకి మిలిటరీ ఆసుపత్రిలో మిగిలిన తెల్లన్నం వేస్తే వాటి కాళ్ళు పడిపోయాయి. కొత్తగా వచ్చిన వంటవాడు మిలిటరీ బియ్యం కోళ్ళకేమిటని మానేస్తే లేచి తిరిగాయి. 1912లో ఫంక్ అనే శాస్త్రవేత్త 'విటమిన్' అన్న మాట పుట్టించాడు. 1918లో మెకారిసన్ అనే డాక్టరు నీలగిరుల్లోని కూనూరులో ఒక్క గదిలో 'బెరిబెరి విచారణ' మొదలుపెట్టాడు. అదే పెరిగి పెరిగి న్యూట్రిషన్ రీసెర్చ్ లాబరేటరీస్ అయింది, 1958లో హైదరాబాదు వచ్చింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాకలో బస్సులోంచి మనం చూసే ఆ ప్రాంగణానికి మూలం బెరిబెరి అన్నమాట. 1929లో ఐక్మన్‌కి నోబెల్ వచ్చింది. చరిత్ర అయిపోయింది.

అయిపోలేదు. ఒకాయన మిగిలాడు, ఆయన్ని పేరాలో ఇరికించడానికి నాకు మనసొప్పలేదు. రాబర్ట్ రన్నెల్స్ విలియమ్స్. 1886లో పుట్టింది ఎక్కడో తెలుసా? నెల్లూరులో! మొలగొలుకుల నెల్లూరులో, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ దంపతులకి. 1910లో మనీలాలో కుర్ర రసాయన శాస్త్రవేత్తగా ఉండగా వెడ్డర్ అనే సైనిక వైద్యుడు ఆయన చేతిలో తవుడు కషాయం ఉన్న సీసా పెట్టి, ఇందులో ప్రాణం నిలబెట్టేదేమిటో కనిపెట్టు అన్నాడు. చావుబతుకుల్లో ఉన్న ఒక పసిబిడ్డకి ఆ కషాయం చుక్కలు పడితే బిడ్డ తేరుకుంది. విలియమ్స్ ఆ దృశ్యం మర్చిపోలేదు. తర్వాత ఆయన ఉద్యోగం టెలిఫోన్ కంపెనీ వారి బెల్ లాబ్స్‌లో. తవుడు పని సొంత వేళల్లో. 1936లో థయామిన్ నిర్మాణం తేల్చి, దాన్ని కృత్రిమంగా తయారు చేశాడు. సీసా పుచ్చుకున్న 26 ఏళ్ళకి. నెల్లూరులో ఆయన పేరున ఒక వీధి అరుగన్నా ఉంటే బాగుండేది.

'ఉప్పుడు బియ్యం' అన్న మాట ఈమధ్య మనకి మళ్ళీ వినపడింది, రాజకీయంగా. 2021, 22ల్లో తెలంగాణ యాసంగి వడ్ల గొడవ గుర్తుందా? ఎండకి పగుళ్ళిచ్చిన వడ్లు పచ్చిగా ఆడిస్తే నూకలైపోతాయి, అందుకే బాయిల్డ్ రైస్, అంటే ఉప్పుడు బియ్యం, చేస్తామని రాష్ట్రం. మాకు బాయిల్డ్ వద్దని కేంద్రం. నెలల తరబడి పత్రికల్లో మొదటి పేజీ వార్త. నూకల లెక్కలు వచ్చాయి, కోట్ల లెక్కలు వచ్చాయి. ఉడకబెట్టిన బియ్యంలో బి1 ఉంటుందన్న ముక్క నా కంట మాత్రం పడలేదు. నేనూ రాయలేదు లెండి.

ఇప్పుడు నాన్నగారి దగ్గరికి వద్దాం. అదే పేజీ, అవే నాలుగు వరుసలు. ఈసారి వేలు శక్తి గడి మీద పెట్టాను. వంద గ్రాములకి కేలరీలు: ఉప్పుడు దంపుడు 349, ఉప్పుడు మిల్లు 346, పచ్చి దంపుడు 346, పచ్చి మిల్లు 345. జొన్నలకి చూశాను, 349. బి1 గడిలో భూమ్యాకాశాల తేడా ఉన్న బియ్యాలు ఇక్కడికొచ్చేసరికి భుజం భుజం కలిపి నిలబడ్డాయి. 2017లో సంస్థ వారు 528 ఆహార పదార్థాలని కొత్తగా పరీక్షించి మరో పట్టిక వేశారు. అందులో కేలరీల బదులు కిలోజౌళ్ళు వచ్చాయి, అంకెలు కాస్త అటూ ఇటూ జరిగాయి, కథ ఇదే.

దంపుడు బియ్యం దండగని నేననడం లేదు. పీచు ఎక్కువ, అన్నం నెమ్మదిగా అరుగుతుంది, అదీ లాభమే. కానీ బెరిబెరి కాలంలో శాస్త్రం అడిగిన ప్రశ్న గింజకి ఏం చేశారని. షుగరు కాలంలో దాంతోపాటు ఎంత తింటున్నారన్నదీ అడగాలి. 2020లో వచ్చిన 'ప్యూర్' అధ్యయనం 21 దేశాల్లో 1,32,373 మందిని ఏళ్ళ తరబడి గమనించింది. దక్షిణాసియాలో మధ్యస్థంగా ఒక్కొక్కరు రోజుకి తినే తెల్లన్నం 630 గ్రాములని తేలింది, వండినాక తూకం. ఇక్కడ రోజుకి 450 గ్రాములు, ఆపైన తినేవారిలో షుగరు కొత్తగా వచ్చే అవకాశం 150 గ్రాముల లోపు తినేవారికంటే 61 శాతం ఎక్కువగా కనిపించింది. ఇది గమనించి వేసిన లెక్కే, అన్నమే కారణమని దీన్నిబట్టి తీర్పు ఇచ్చెయ్యకూడదు. కంచంలో అన్నం పెరిగితే పప్పుకీ కూరకీ చోటు తగ్గుతుందన్నది మాత్రం ఎవరికైనా కనపడే విషయం. బెరిబెరి మన తీరం వదిలిపోయింది మనమంతా దంపుడుకి మారినందుకా? తింటున్నది ఇప్పటికీ పచ్చి మిల్లు బియ్యమే. పక్కన పప్పు, కూర, గుడ్డు వచ్చి చేరాయి.

బాక్స్: జొన్నరొట్టె చిక్కుముడి

ఎడిటరుగారి మూకుళ్ళలో జొన్నలు కూడా ఉన్నాయి కాబట్టి ఇది చెప్పాలి. పెల్లాగ్రా అనే జబ్బులో ఎండ తగిలే మెడ, చేతులు నల్లగా మాడి పొలుసులు లేస్తాయి, విరేచనాలు పట్టుకుంటాయి, మతి చెదురుతుంది. అది నయాసిన్, అంటే బి3 విటమిన్, లోటు వల్ల వస్తుందనీ, మొక్కజొన్న తినేవాళ్ళ జబ్బనీ లోకమంతా అనుకుంటుండగా, హైదరాబాదులో జొన్న తినేవాళ్ళకి కనిపించింది. పట్టిక చూస్తే జొన్నలో నయాసిన్ 3.1, మిల్లు బియ్యంలో 1.9. తక్కువ ఉన్న బియ్యం తిన్నవాళ్ళకి లేని జబ్బు వీళ్ళకెందుకు? 1960లో ఆ పట్టిక వేసిన గోపాలనే, శ్రీకంటియాతో కలిసి లాన్సెట్ వైద్య పత్రికలో జవాబు చెప్పారు: జొన్నలో లూసిన్ అనే ఎమినో ఆమ్లం ఎక్కువ, అది శరీరం నయాసిన్‌ని వాడుకునే దారికి అడ్డం పడుతోందని. ఆ జవాబు మీద తర్వాత చాలా వాదోపవాదాలు నడిచాయి, బి6 పాత్ర కూడా బయటికొచ్చింది. జొన్న చెడ్డదని కాదు. పొద్దునా రాత్రీ జొన్నే, పక్కన మరేమీ లేని కంచం చెడ్డది. ఇవాళ సిరిధాన్యమొక్కటే తింటే సర్వరోగాలూ పోతాయనేవారు ఈ సంగతి ఒకసారి చదవాలి.

బాక్స్: అది ప్లాస్టిక్ కాదు

రేషన్ బియ్యంలో కొన్ని గింజలు తేడాగా ఉన్నాయని, నీళ్ళలో తేలుతున్నాయని, ప్లాస్టిక్ బియ్యమని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గోల జరిగింది. అవి పోషకాలు కలిపిన గింజలు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి, యంత్రంలో గింజ ఆకారంలో ఒత్తి, మామూలు బియ్యంలో వందకి ఒకటి చొప్పున కలుపుతారు. ఏరి పారేస్తే పోయేది ఆ ఇనుమే. తవుడు గీకేసి, పిండి కొట్టి, మందు కలిపి, మళ్ళీ గింజ చేయడం చూస్తే నవ్వొస్తుంది, నిజమే. కానీ అందులో కలిపే ఫోలిక్ ఆమ్లాన్ని మొదట కృత్రిమంగా తయారు చేసిన లెడర్లీ మందుల కంపెనీ బృందాన్ని నడిపింది మనవాడే, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

బాక్స్: ఎడిటరుగారి కోసం, ఫ్రిజ్‌కి

జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం 2000 కేలరీల కంచం. పచ్చి సరుకు తూకం: ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు లేదా మాంసాహారం 85, కూరగాయలు 400, పళ్ళు 100, నట్స్, విత్తనాలు 35, నూనె 27, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. కూరగాయలు ధాన్యాలకంటే ఎక్కువ ఉన్నాయి. అచ్చుతప్పు కాదు.

మొన్న ఆదివారం అమ్మ వంటింటి త్రాసు బయటికి తీసింది. నాన్నగారి దంపుడన్నం గుట్ట తూచాం. ఒక్క పూటకి 480 గ్రాములు. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆసుపత్రి చీటీ తెప్పించుకుని, ఖాళీ గడిలో తనే పెన్సిలుతో 'రెండు గరిటెలు' అని రాశారు. సరైన అంకె అది కాకపోవచ్చు, చెప్పాల్సింది ఆయన డాక్టరే. మీ ఇంట్లో కూడా అలాంటి చీటీ ఉంటే, ఈసారి వెళ్ళినప్పుడు పట్టుకెళ్ళండి. గరిటెలో, కప్పులో, గ్రాములో, ఆ గడి నింపించుకుని రండి.