గ్రహణమొర్రికి మూలకణ చికిత్స: ఆశ ఎంత? వాస్తవమెంత?

* బొడ్డుతాడు రక్తంతో దవడ ఎముక పునర్నిర్మాణం
* ఇంకా పరిశోధన దశలోనే.. సకాలంలో శస్త్రచికిత్సే ప్రధానం

గ్రహణమొర్రితో జన్మించిన శిశువులకు బొడ్డుతాడు రక్తంలోని మూలకణాలతో చికిత్స చేయవచ్చన్న వార్త తల్లిదండ్రుల్లో ఆశలు రేకెత్తిస్తోంది. అయితే ఈ విధానం ఇంకా పరిశోధన దశను దాటలేదు. దానికోసం నిరీక్షిస్తూ శస్త్రచికిత్సను వాయిదా వేస్తే బిడ్డకు తీరని నష్టం వాటిల్లుతుంది.

గ్రహణం కారణం కాదు

ప్రపంచవ్యాప్తంగా సుమారు 700 జననాలకు ఒకరు ఈ లోపంతో పుడుతున్నారని అంచనా. గర్భస్థ పిండానికి 4 నుంచి 7 వారాల మధ్య పెదవి, ఆ తరువాతి వారాల్లో అంగిలి రూపుదిద్దుకుంటాయి. రెండు వైపుల నుంచి పెరిగే కణజాలం మధ్యలో కలవకపోతే చీలిక మిగిలిపోతుంది. జన్యుపరమైన కారణాలు, తల్లి ధూమపానం, మధుమేహం, కొన్ని రకాల మూర్ఛ మందులు ఇందుకు దోహదం చేస్తాయి. గర్భిణి గ్రహణం చూడడానికి, ఈ లోపానికి ఎలాంటి సంబంధమూ లేదు. తల్లిని నిందించడం అవివేకం.

తుంటి ఎముకకు ప్రత్యామ్నాయం

చీలిక పెదవికే పరిమితం కాక పైచిగురు వరకు వ్యాపించినప్పుడు దవడ ఎముకలో ఖాళీ ఏర్పడుతుంది. అక్కడ పళ్లు నిలవవు. ముక్కుకు ఆధారం కొరవడుతుంది. ప్రస్తుత పద్ధతిలో సాధారణంగా 8 నుంచి 11 ఏళ్ల మధ్య, కోరపన్ను రాకముందే, పిల్లల తుంటి ఎముక నుంచి కొంత భాగం తీసి ఆ ఖాళీలో అమరుస్తారు. దీనివల్ల తుంటి వద్ద మరో గాయం, కొన్నాళ్లు నడకలో నొప్పి తప్పవు.

ఈ బాధను తప్పించేందుకే మూలకణాలపై ప్రయోగాలు జరుగుతున్నాయి. కొలంబియా రాజధాని బొగోటాలోని శాన్ హొసే ఆసుపత్రి వైద్యులు 9 మంది శిశువులకు ఈ విధానాన్ని అనుసరించి, ఫలితాలను 2019లో వెల్లడించారు. గర్భంలోనే స్కానింగ్ ద్వారా లోపాన్ని గుర్తించి, ప్రసవ సమయంలో బొడ్డుతాడు రక్తం సేకరించి మూలకణాలను భద్రపరిచారు. కొన్ని నెలల తరువాత చీలికకు ఇరువైపులా ఉన్న మెత్తని కణజాలాన్ని కలిపి సంచిలా కుట్టి, అందులో ఆ కణాలను ఉంచారు. అక్కడ కొత్త ఎముక ఏర్పడినట్లు తదుపరి పరీక్షల్లో తేలింది. బ్రెజిల్‌లోని సావ్‌పాలోలో పాలపళ్ల గుజ్జు నుంచి తీసిన మూలకణాలను పెద్ద పిల్లలపై ప్రయోగించి, 2020లో ఆశాజనక ఫలితాలు ప్రకటించారు.

మోసపోవద్దు

ఈ ప్రయోగాల్లో పాల్గొన్న వారి సంఖ్య చాలా స్వల్పం. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధిత వ్యాధులు వంటి ఆమోదిత అవసరాలకు మినహా, మూలకణాలను అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్స్‌లో మాత్రమే వాడాలి. ట్రయల్‌లో పాల్గొనే వారి నుంచి చికిత్సకు రుసుము వసూలు చేయరాదు. మొర్రిని మూలకణాలతో నయం చేస్తామంటూ ఎవరైనా డబ్బు అడిగితే సందేహించాల్సిందే. ఈ ఆశతో అప్పు చేసి బొడ్డుతాడు రక్తాన్ని ప్రైవేటు బ్యాంకుల్లో దాచుకోవాల్సిన పనిలేదు.

ఏ వయసులో ఏం చేయాలి?

* పుట్టిన వెంటనే: అంగిలి చీలిన శిశువు పాలు సరిగా చప్పరించలేదు. తల భాగం ఎత్తుగా ఉంచి, పిండిన తల్లిపాలను చెంచాతో గానీ ప్రత్యేక సీసాతో గానీ కొద్దికొద్దిగా పట్టాలి. బరువు పెరుగుతోందో లేదో తరచూ చూపించుకోవాలి.

* 3 నుంచి 6 నెలలు: పెదవికి శస్త్రచికిత్స. 10 వారాల వయసు, సుమారు నాలుగున్నర కిలోల బరువు, 10 గ్రాముల హిమోగ్లోబిన్ ఉండాలన్నది వైద్యులు చిరకాలంగా పాటిస్తున్న కొలమానం.

* 9 నుంచి 18 నెలలు: అంగిలికి శస్త్రచికిత్స. ఇది ఆలస్యమైతే మాట ముక్కుతో వస్తుంది. చెవిలో నీరు చేరి వినికిడి తగ్గే ప్రమాదం ఉన్నందున చెవి పరీక్షలూ అవసరమే.

* ఆ తరువాత: మాట శిక్షణ, దంత చికిత్స, అవసరమైతే ఎముక అమరిక.

ఉచిత వైద్యం

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో గ్రహణమొర్రిని కూడా చేర్చారు. ఆశ కార్యకర్తకు గానీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గానీ తెలియజేస్తే శిశువును పై ఆసుపత్రికి పంపుతారు. స్మైల్ ట్రెయిన్ సంస్థ కూడా భాగస్వామ్య ఆసుపత్రుల ద్వారా ఉచితంగా శస్త్రచికిత్సలు చేయిస్తోంది. మూలకణ చికిత్స రేపు అందుబాటులోకి రావచ్చు. ఈనాటి శిశువుకు మాత్రం సకాలంలో చేయించే శస్త్రచికిత్సే చక్కని మాటను, నవ్వును ఇస్తుంది.