మీకు తెలుసా? గడప దాటితేనే లేజర్

మీ ఫోన్ తెర ఓఎల్ఈడీ రకమైతే, అందులో వెలుగుతున్నది కర్బన అణువుల పలచని పొర. ఇలాంటి పదార్థాలతోనే లేజర్ కిరణాన్ని కూడా పుట్టించవచ్చు. 1996లో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు నీర్ టెస్లర్, డెంటన్, రిచర్డ్ ఫ్రెండ్ పీపీవీ అనే ప్లాస్టిక్‌తో ఆ పని చేసి చూపించారు. ఆ ప్లాస్టిక్ పొరను రెండు అద్దాల నడుమ బిగించారు. ఆ ఇరుకు గదినే మైక్రోకావిటీ అంటారు.

ఎంత ఇరుకంటే, పచ్చ కాంతికి పనికొచ్చే అతి చిన్న గది వెడల్పు 160 నానోమీటర్ల దాకా ఉంటుంది. అలాంటివి ఐదు వందలు పేరిస్తే గానీ ఒక తల వెంట్రుక మందం రాదు! కేంబ్రిడ్జ్ పరికరంలో ఒక అద్దం వెండి పూత. రెండోది మరీ ముచ్చటైనది: రెండు రకాల పారదర్శక పొరలను మార్చి మార్చి పేర్చి చేసిన అద్దం. 550 నానోమీటర్ల పచ్చ కాంతి కోసం ఇలాంటిది కట్టాలంటే సిలికా పొర 94, టైటానియా పొర 57 నానోమీటర్లు ఉండాలి. ఒక్కో పొర వెనక్కి పంపేది కొంచెమే అయినా, అలలన్నీ ఒకే అడుగులో కలిసి నూటికి 99 వంతులకు పైగా కాంతి తిరిగొస్తుంది. అంత మంచి అద్దం లేకపోతే పని జరగదు. ఇంత పలచని పొరలో కాంతి ఒకసారి దాటితే పెరిగేది రవ్వంత. రాబడి పైసల్లో ఉన్నప్పుడు ఖర్చు రూపాయల్లో ఉండకూడదు కదా.

అణువుల గుణం కూడా కలిసొస్తుంది. నీలి కాంతిని తాగిన అణువు కొంత శక్తిని వేడిగా వదిలేసి, మిగిలినదాన్ని పచ్చగా వెలిగిస్తుంది. తాను విడిచిన రంగును తాను పెద్దగా మింగదు.

రాబడి ఖర్చుతో సమానమయ్యే చోటే లేజర్ గడప. అక్కడిదాకా వెలుగు నలుదిక్కులా చెదిరే మామూలు వెలుగే. దాటగానే వెలుగు తీవ్రతను చూపే గ్రాఫులో గీత ఒక్కసారిగా నిటారుగా లేస్తుంది, పదుల నానోమీటర్ల మేర పరుచుకున్న రంగు సన్నటి గీతగా బిగుసుకుంటుంది, కాంతి కిరణమై ఒకే దారి పడుతుంది. రంగు సన్నబడినంత మాత్రాన లేజర్ అనేయకూడదు. అద్దాలు లేని పొరలో కూడా కాంతి తనంత తాను పెరిగి కొంత సన్నబడుతుంది.

వేరే లేజర్‌తో పొడిస్తే మంచి పదార్థాలకు ఈ గడప చదరపు సెంటీమీటరుకు కొద్ది మైక్రోజౌళ్లే. రెండు మిల్లీగ్రాముల దోమను ఐదు సెంటీమీటర్లు పైకెత్తడానికి పట్టే శక్తి ఒక మైక్రోజౌల్. కాకపోతే అది నానోసెకనులోనో అంతకంటే తక్కువలోనో వచ్చి పడాలి.

కరెంటుతో వెలిగించాలంటే మాత్రం గడప కొండంత అవుతుంది. విద్యుత్తుతో పుట్టే ఉత్తేజిత స్థితులు నాలుగింటిలో, ఈ రకం పదార్థాల్లో, వెలిగేది ఒకటే. మిగతా మూడూ ట్రిప్లెట్లు. అవి త్వరగా పోవు, పోగుపడి పుట్టిన కాంతినే మింగేస్తాయి. ప్రవహించే ఆవేశాలూ మింగుతాయి, ఎలక్ట్రోడ్లూ మింగుతాయి. 2000లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ నుంచి కరెంటుతో నడిచే కర్బన లేజర్ వచ్చిందన్న ప్రకటన వెలువడితే లోకం సంబరపడింది. 2002లో అందులోని పరిశోధకుడు డేటా కల్పించాడని విచారణలో తేలి, ఆ పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు. నిజాయతీగా పనిచేస్తున్న ఎందరి శ్రమకో అది పెద్ద దెబ్బ.

ఆ తర్వాత 2019లో జపాన్ క్యుషు విశ్వవిద్యాలయంలో శాస్త్రవేత్త అడాచి బృందం చదరపు సెంటీమీటరుకు సుమారు 600 ఆంపియర్ల దగ్గర గడప దాటినట్టు ప్రకటించింది. ఫోన్ తెరలో పారే కరెంటుకు ఇది వేల రెట్లు. 2023లో స్కాట్లండ్ సెయింట్ ఆండ్రూస్ బృందం పనినే రెండుగా విడదీసింది. కరెంటంతా ఓఎల్ఈడీకి, దాని వెలుగు మాత్రం పక్కనే అతికించిన లేజర్ పొరకు. ట్రిప్లెట్లు, ఆవేశాలు అవతలి గదిలోనే ఉండిపోతాయి, గోడ దాటి వచ్చేది కాంతి ఒక్కటే. ఈ రెండు పరికరాల్లోనూ ఎదురెదురు అద్దాలకు బదులు సన్నటి గాడులు కాంతిని వెనక్కి తిప్పుతాయి. స్కాట్లండ్ పరికరంలోంచి వెలువడిన పచ్చని కిరణం చిన్న చిన్న మెరుపులుగానే వచ్చింది.