కారు కొనెడి కుమారుడు – పూచీ పడెడి తల్లి

సంక్రాంతి వెళ్లిన నాలుగు దినములకు మా పొరుగింటి యిల్లాలొకరు ఒక కాగితము చేతబట్టుకొని మా యింటికి వచ్చిరి. ఆమె కుమారునకు ఇరువదినాలుగేండ్లు. హైదరాబాదులో ఉద్యోగము దొరికి యేడాదియైనది. చేతికి వచ్చు జీతము నెలకు 40 వేలు. ఏడున్నర లక్షలలో కారు కొనవలెనని అతని సంకల్పము. లక్షన్నర తల్లి గాజులు తాకట్టుపెట్టి తేవలెను. తక్కిన 6 లక్షలు బ్యాంకు ఋణము. అతడింతకుముందు అప్పు తీసికొని తీర్చినవాడు కాడు గనుక తల్లి పూచీ కావలెనట. "వదినగారూ, చేవ్రాలు చేయవలసినచోట గుర్తుపెట్టి పంపినాడు గాని అందేమి వ్రాసియున్నదో చెప్పలేదు. మీరొకసారి చూడరాదా?" అని ఆమె యడిగిరి.

కుర్రవాని కోరికను మేము తప్పుపట్టము. వానకాలపు రాత్రి ఆ నగరవీధులలో మోటారుసైకిలుపై పోవువాని తల్లికి నిదుర యెట్లు పట్టును? 1983వ సంవత్సరమున మారుతి 800 బయలుదేరినప్పుడు దాని వెల యేబదివేల లోపే. 2008 జనవరిలో టాటావారు లక్షరూపాయల కారు చూపినప్పుడు మధ్యతరగతి యిండ్లన్నియు సంబరపడినవి. ఆ నానో బండి నేడు తయారగుట లేదు. 2025 సెప్టెంబరులో చిన్నకార్లపై పన్ను నూటికి 18కి తగ్గింపబడెను. అయినను మా పొరుగింటి కుర్రవానికి కారనగా ఒకటిన్నర యేటి జీతమునకు మించిన మాట.

పెన్సిలు తెచ్చుకొని ఇరువురమును లెక్కకు కూర్చుంటిమి. నూటికి 9 వంతున 6 లక్షలు అయిదేండ్లలో తీర్చినచో నెలకు 12,455 రూపాయలు; మొత్తము వడ్డీ 1,47,300. ఏడేండ్లకు పొడిగించినచో నెలకు 9,653 మాత్రమే. కుమారుడు కోరినది ఈ రెండవదియే. కాని అప్పుడు వడ్డీ 2,10,000 దాటును. నెలకు 2,800 తేలికయైనందులకు 63 వేలు అదనముగ నిచ్చుకొనుట! ఈ మాట విని ఆమె కండ్లద్దములు సవరించుకొని ఆ యంకెను మరల చదివిరి.

వడ్డీ చెప్పుటలో మరియొక మాటచాటు గలదు. కొందరు వడ్డీని తరుగుచున్న అసలుపై గాక, మొదట నిచ్చిన సొమ్మంతటిపై కడవరకు లెక్కింతురు. అట్టి 9 వంతు చొప్పున అయిదేండ్లకు వడ్డీ 2,70,000 అగును. నిజమునకది నూటికి 16 వంతులకు దరిదాపు. కావున వడ్డీరేటు వినినంతనే తృప్తిపడక, కడపటి వాయిదావరకు కట్టవలసిన మొత్తమెంతయని యడుగవలెను.

వాయిదాతో ఖర్చు ముగియునా? గాజుల తాకట్టుపై వడ్డీ నూటికి పది చొప్పున నెలకు 1,250. నెలకు యేబది లీటర్ల పెట్రోలుకు అయిదువేలు దాటును. బీమా, మరమ్మతు, బండి నిలుపు చోటి అద్దె కలిపి మూడువేలని వేసితిమి. అన్నియు కూడగా సుమారు 19 వేలు. తక్కిన 21 వేలతో అద్దె, భోజనము, యింటికి పంపు సొమ్ము. రిజిస్ట్రేషనునాడు కట్టెడి జీవితపన్ను బండి నమ్మినను చేతికి తిరిగిరాదు.

ఇక ఆ కాగితము. పూచీ యనగా మాటసాయమని మనలో పలువురి తలంపు. 1872 నాటి ఒప్పందముల చట్టము 128వ సెక్షను ప్రకారము, ఒప్పందములో వేరుగ వ్రాసికొననిచో, ఋణస్థుని బాధ్యత యెంతయో పూచీదారుని బాధ్యతయు అంతయే. వాయిదాలు తప్పినచో బ్యాంకువారు తల్లినే నేరుగ నడుగవచ్చును. బలవంతులను పంపి బండి లాగికొనుట తగదని 2007లో సుప్రీముకోర్టు మందలించెను గాని, బండి పోయినను మిగిలిన బాకీ పోదు. ఆమె తన పేర ఎన్నడేని ఋణము కోరినచో ఈ తప్పిన వాయిదాలు అచ్చటను అడ్డువచ్చును.

కొందరు యువకులకు ఈ చింతయే లేదు. మామగారు కారు కొనియిత్తురు. 1961 నాటి వరకట్ననిషేధ చట్టము దీనిని నేరమనుచున్నది. పెండ్లిపందిటిముందు పూలదండలతో నిలిపిన ఆ కారునకు వాయిదాలు కట్టువాడు ఆడపిల్ల తండ్రి యని యెరిగియు, బండి బాగున్నదని మెచ్చుకొని వచ్చుచున్న మనమును ఆ నేరమునకు కొంత తోడుపడుచున్నామని మా యభిప్రాయము.

మా పొరుగింటి యిల్లాలు ఆనాడు చేవ్రాలు చేయలేదు, లేదనియు చెప్పలేదు. "నాయనా, కారు వచ్చినదనుకొని నెలకు 19 వేలు ఒక ఖాతాలో వేయుము. పండ్రెండు నెలలు తప్పక వేసినచో రెండులక్షల పైచిలుకగును. నా గాజులతో పనియుండదు, అప్పును తగ్గును. అప్పుడు నేనే వచ్చి వ్రాలు చేసెదను" అని కుమారునకు ఫోను చేసిరి. అతడు రెండుదినములు అలిగి మూడవనాడు ఒప్పుకొనెను.

ఇప్పటికి నాలుగునెలలైనది. మూడుమార్లు సొమ్ము పడెను. ఒకనెల స్నేహితుని పెండ్లి వచ్చినదట; పడలేదు. కాగితము ఆమె బీరువాలోనే యున్నది, గాజులు చేతికున్నవి.