బెయిలు వచ్చింది, బిడ్డ రాలేదు

"బాబూ, మా గుంటడు లోపల ఏటి తింతన్నాడో, ఎక్కడ తొంగుంతన్నాడో ఒక్కపాలి సూసొద్దారి, రండి" అని ఒక తల్లి వచ్చి గుమ్మంలో కూర్చున్నప్పుడు కాదనలేకపోయాను.

ప్రియ చదువరులారా, ఈమెది బొబ్బిలి దగ్గర పల్లె. పొలం గట్టు తగాదాలో ఒకరి తల పగిలింది. హత్యాయత్నం కేసయింది గనుక కుమారుని విశాఖపట్నం కేంద్ర కారాగారంలో ఉంచారు. బొబ్బిలిలో తెల్లవారుజామున బస్సెక్కి విజయనగరం, ఆనందపురం, మధురవాడ దాటి హనుమంతవాకలో దిగాలి. అక్కడ నుండి అడవివరం వెళ్లే దారిలో, ఆరిలోవ దగ్గర ఆ ఎత్తైన గోడలు. ఒక దినం కూలి పోతుంది, రానుపోను ఛార్జీలు పోతాయి. ములాఖత్‌లో మాట్లాడనిచ్చేది కొద్ది నిమిషాలు. ఆ తల్లి అడిగినవన్నీ కడుపు సంగతే. తిన్నావా, నిద్ర పడుతుందా, ఎవరైనా కొడుతున్నారా.

లోపలి దినచర్య ఆ అబ్బాయి చెప్పినంతే రాస్తున్నాను. తెల్లవారగానే బ్యారక్ తాళాలు తీసి మనుషులను లెక్కపెడతారు. పొద్దు వాలక ముందే రాత్రి భోజనం పెట్టేస్తారు. మళ్లీ లెక్క, మళ్లీ తాళం. మన ఇళ్లలో దీపం పెట్టి పిల్లలను పిలుచుకొనే వేళకు వాళ్ల దినం ముగిసిపోతుంది. ఆ లెక్కలో ఒక్కరు తగ్గినా జైలంతా కదిలిపోతుంది. (1969 అక్టోబరులో నాగభూషణ్ పట్నాయక్, మరికొందరు విశాఖ జైలు నుండి తప్పించుకొన్న సంగతి మన పార్వతీపురం వైపు పెద్దలకు గుర్తుండవచ్చు.)

శిక్ష పడినవానికి పని ఉంటుంది, కొంత కూలి ఉంటుంది, సత్ప్రవర్తనకు రోజులు తగ్గుతాయి. అతడు విడుదల దినాన్ని వేళ్ల మీద లెక్కించుకోగలడు. విచారణ ఖైదీకి ఆ లెక్క కూడా లేదు. వాయిదా నుండి వాయిదాకు బ్రతుకుతాడు. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వారిలో 4,34,302 మంది ఇటువంటివారే. నేరం రుజువు కానివారు!

ఈ అబ్బాయికి కోర్టు బెయిలు ఇచ్చింది. ఇద్దరు జామీనుదారులు కావాలన్నది. తల్లికి సెంటు భూమి లేదు. భూమి ఉన్నవారిని అడిగితే, "రేపు వాడు వాయిదాకు రాకపోతే మా మీదికొస్తాది" అన్నారు. వారిని తప్పుపట్టలేను, ఆ భయం నాకూ ఉండేది. అలా మూడు నెలలు గడిచాయి. ఈలోగా ఒక మధ్యవర్తి జామీను తెస్తానని ఆమె పుస్తెలు తాకట్టు పెట్టించి మాయమయ్యాడు.

ఎవరూ ఆమెకు చెప్పని సంగతి ఒకటుంది. నిర్బంధంలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో నిమిత్తం లేకుండా, 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఉచితంగా వకీలును ఇవ్వాలి. బెయిలు వచ్చి ఏడు దినాలైనా ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు ఆ సంగతి జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలియజేయాలని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఆదేశించింది. నెలైనా జామీను దొరకకపోతే షరతులు సడలించవచ్చేమో కోర్టే ఆలోచించవచ్చు. బెయిలు సొమ్ము కట్టలేని పేద ఖైదీల కొరకు 2023లోనే కేంద్ర ప్రభుత్వం ఒక పథకం పెట్టింది గాని, గంజాయి కేసులకు అది వర్తించదు. మన ప్రాంతపు యువకులను సంచులు మోయమని పిలిచేవారు ఇది చెప్పరు. సలహాకు 15100 నంబరుకు ఫోను చేయవచ్చు.

విజయనగరం వెళ్లి అర్జీ ఇచ్చాము. ఉచితంగా వచ్చిన వకీలు ఎలా ఉంటాడోనని ఆమె దారంతా సందేహపడింది. వచ్చినది చిన్న వయసు అమ్మాయి, కాగితాలన్నీ ఓపికగా చదివింది. కోర్టు ఒక్క జామీను చాలన్నది. ఆ ఒక్కరూ ఎవరని వెతుకుతుంటే, గట్టు తగాదాలో ఏ పక్షానికీ చెందని ఒక ముసలాయన తన పాసుపుస్తకం తెచ్చి ఇచ్చాడు.

అబ్బాయి ఇంటికి వచ్చాడు. కేసు ఇంకా నడుస్తున్నది. ప్రతి వాయిదాకు ఆ ముసలాయన కూడా బస్సెక్కుతున్నాడు.