ఖుక్రీకి పదునొక్కటే చాలదు

నా గది గోడ మీద పతకాలు లేవు, ఒక ఖుక్రీ ఉంది. నేను పదవీ విరమణ చేసిన రోజున మా గోర్ఖా బెటాలియన్ మాజీ సుబేదార్ సాబ్ తూర్పు నేపాల్‌లోని ధరాన్ నుంచి వచ్చి చేతిలో పెట్టారు. డెహ్రాడూన్ అకాడమీ నుంచి నేరుగా వచ్చిపడ్డ ఈ తెలుగు కుర్రాడికి గోర్ఖాలీ భాష నేర్పింది ఆయనే.

పిడి గేదె కొమ్ముతో చేసింది. అలుగుకు వాడింది పాత లారీ కమాన్‌పట్టా. నా పేరు, సర్వీసు సంవత్సరాలు దాని మీద చెక్కి ఉన్నాయి. చేసిన కమ్మరి పేరు మాత్రం లేదు. ఎర్రగా కాలిన ఇనుముపై ఆ కమ్మరి కెటిల్‌తో అంచు పొడవునా మాత్రమే నీళ్లు పోస్తాడట. అంచు గట్టిపడి పదును నిలుపుకుంటుంది. వీపు కాస్త మెత్తగా ఉండి దెబ్బను తట్టుకుంటుంది. మొత్తం గట్టిపడితే కత్తి విరుగుతుంది.

పటాలమూ అంతే. కుర్రాళ్లు అంచు, ఏళ్ల తరబడి పనిచేసిన హవల్దార్లు, సుబేదార్లు వీపు.

1947 నవంబరులో భారత్, నేపాల్, బ్రిటన్ చేసుకున్న ఒప్పందంతో పది గోర్ఖా రెజిమెంట్లలో ఆరు మనకు దక్కాయి. 1948లో మరొకటి ఏర్పడింది. 2020లో కొవిడ్ వల్ల నేపాల్‌లో నియామకాలు ఆగాయి. 2022లో అగ్నిపథ్ వచ్చింది: నాలుగేళ్ల సర్వీసు, ఆ తర్వాత నాలుగో వంతు వరకే కొనసాగింపు. ఇది పాత ఒప్పందానికి సరిపోదంటూ నేపాల్ నియామకాలకు అంగీకరించలేదు.

సైన్యం సగటు వయసు తగ్గించాలన్న ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. కానీ ఖాట్మండు, పోఖరా, ధరాన్‌లలో మన పింఛను కార్యాలయాల ముందు బారులు తీరే వృద్ధ సైనికులే నేపాల్ పల్లెల్లో మనకున్న అసలైన రాయబారులు. కొత్తవారు రాకపోతే ఆ వరుస ఏటేటా కురచబడుతుంది. నేపాలీ గోర్ఖాల సర్వీసు కాలం, కొనసాగింపు శాతంపై రెండు ప్రభుత్వాలు విడిగా కూర్చుని మాట్లాడుకోవాలి. అందులో ఎవరి పరువూ పోదు.

ఆ మధ్య ఫోన్‌లో సుబేదార్ సాబ్‌ను అడిగాను, మనవణ్ని పంపుతారా అని.

"నాలుగేళ్లకా సాబ్? ఖుక్రీ మీద చెక్కడానికి ఏముంటుంది?" అన్నారాయన.